హైదరాబాదు సిటీ పోలీసు జట్టు: మరపురాని ఫుట్‌బాల్ క్రీడాకారులు

2024వ సంవత్సరంలో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం విడుదలైంది. దానిని చూసి వచ్చిన విద్యార్థులు కొందరు తరగతిలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: "ఆ రహీం సాహెబు నిజంగానే ఉండేవారా సార్, లేక సినిమా కోసం కల్పించిన పాత్రా?" ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

అడిగిన పిల్లలను మేము తప్పు పట్టలేదు. వారికి ఎవరైనా చెప్పి ఉంటేనే కదా తెలిసేది! కర్నూలు నుండి కొన్ని గంటల రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న హైదరాబాదు నగరంలో భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో ఒక స్వర్ణాధ్యాయం రచింపబడింది. దానిని రచించినవారు జమీందారులు కారు, నవాబులు కారు. ఒక బడిపంతులు, ఆయన చేతి క్రింద ఆడిన పోలీసు ఉద్యోగులు. వారి పేర్లు మన విద్యార్థుల నోట వినబడడం లేదు. క్రికెట్ ఆటగాళ్ళ పరుగుల లెక్కలు కంఠస్థంగా అప్పజెప్పగల కడప, కర్నూలు యువకులను అజీజుద్దీన్ ఎవరని అడిగితే మౌనమే సమాధానం.

క్రీడాకారుడు తన ఆటతో మరపురానివాడు అవుతాడని మనమందరం అనుకొంటాము. అది సగం సత్యమే. ఆడడం అతని పని, జ్ఞాపకం పెట్టుకొనడం మన పని. రెండవ పని జరగనప్పుడు మొదటిది ఎంత గొప్పదైనా ధూళిలో కలిసిపోతుంది. ఈ సంగతిని స్పష్టం చేయడానికి ముందుగా స్కాట్లాండు దేశపు ఉదాహరణ ఒకటి చెప్పి, ఆ పిమ్మట మన హైదరాబాదుకు వస్తాము.

గ్లాస్గో నగరంలో రెండు ఆటలు

స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో సెల్టిక్ అనే ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్నది. ఆ క్లబ్బు తన పూర్వ క్రీడాకారులను తలచుకొనే సందర్భాలలో ఒక భారతీయుని పేరు తప్పక వస్తుంది. ఆయన మహమ్మద్ సలీం. 1904లో కలకత్తాలోని మెటియాబ్రుజ్‌లో జన్మించిన సలీం, కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టులో ఆడేవాడు. 1934లో కలకత్తా లీగు గెలిచిన మొట్టమొదటి భారతీయ జట్టు అదే. అప్పటి నుండి 1938 వరకు వరుసగా ఐదేండ్లు లీగు విజేత కూడా అదే.

1936లో సలీం తన బంధువైన హషీంతో కలసి ఓడలో విలాయతుకు వెళ్ళాడు. అక్కడి ఆట చూసిన హషీం, తన బంధువు ఇంతకంటే బాగా ఆడగలడని నమ్మి, సెల్టిక్ మేనేజరు విల్లీ మేలీ వద్దకు అతనిని తీసుకొనిపోయాడు. సలీం బూట్లు వేసుకొని ఆడేవాడు కాడు. బూట్లకు బదులుగా పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకొని ఆడడం అతని అలవాటు. చలిదేశంలో, బూట్ల ఆటగాళ్ళ మధ్య, ఉత్త పాదాలతో ఆడతానన్న మనిషిని చూసి వారు మొదట ఆశ్చర్యపడ్డారు. పరీక్షించి చూసిన పిదప జట్టులోకి తీసుకొన్నారు. ఆగస్టు 28న గాల్‌స్టన్ జట్టుపై సెల్టిక్ 7-1 తేడాతో గెలిచిన ఆటలో సలీం ఆడిన తీరును అక్కడి పత్రికలు మెచ్చుకొన్నాయి. హామిల్టన్ జట్టుతోను అతడు ఆడాడు. ఇంతలో ఇంటి మీద బెంగ పట్టుకొన్నది. క్లబ్బువారు ఉండిపొమ్మన్నా వినక స్వదేశానికి తిరిగి వచ్చాడు.

అతడు సెల్టిక్ తరఫున ఆడినవి రెండే ఆటలు. అయినా ఒక క్లబ్బు ఉద్యోగి వంగి సలీం పాదానికి పట్టీ చుడుతున్న ఛాయాచిత్రాన్ని నేటికీ అక్కడివారు పదిలపరచుకొన్నారు. సలీం వృద్ధాప్యంలో అస్వస్థుడైనప్పుడు అతని కుమారుడు క్లబ్బుకు ఉత్తరం వ్రాశాడు. తండ్రికి సహాయం అర్థించాలని కాక, వారికి తన తండ్రి జ్ఞాపకం ఉన్నాడో లేదో తెలుసుకొనాలనే ఆ ఉత్తరం వ్రాసినట్లు అతడు చెప్పుకొన్నాడు. క్లబ్బు నుండి నూరు పౌనుల డ్రాఫ్టు వచ్చింది. ఆ కుటుంబం దానిని సొమ్ము చేసుకొనక, జ్ఞాపికగా దాచుకొన్నది. సలీం 1980లో మరణించాడు.

రెండు ఆటలు ఆడిన పరదేశిని ఎనిమిది దశాబ్దాలకు పైగా స్మరించుకొంటున్నది ఒక క్లబ్బు. ఈ కొలబద్దను చేతపట్టుకొని ఇక మన ఇంటి సంగతి చూద్దాము.

బడిపంతులు, పోలీసు జట్టు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఉపాధ్యాయ వృత్తి స్వీకరించారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలలలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుండి 1963లో కన్నుమూసేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. ఆ జట్టే తరువాతి కాలంలో ఆంధ్ర పోలీసు అనే పేరుతో ఆడింది.

ఆ జట్టు ఘనతను చెప్పడానికి విశేషణాలు అక్కరలేదు, లెక్కలే చాలును. బొంబాయిలో 1891లో ఆరంభమైన రోవర్స్ కప్పును దీర్ఘకాలం బ్రిటిషు సైనిక జట్లే గెలుచుకొనేవి. అటువంటి కప్పును హైదరాబాదు పోలీసులు 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలో వరుసగా ఐదు పర్యాయాలు గెలిచారు. ఆ పిమ్మట గెలిచినవి కూడా కలిపితే మొత్తం తొమ్మిది. 1888లో సిమ్లాలో ప్రారంభమైన డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను, ఆంధ్ర పోలీసు పేరుతో 1961లోను సాధించారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాలలో వెంటవెంటనే రెండు మార్లు గెలిచింది. ఆ విజయాలకు వెన్నెముక పోలీసు జట్టువారే.

ఇక్కడ మన ప్రాంతపు చరిత్రను జోడించి చూస్తే కాలం ఎంత దగ్గరిదో బోధపడుతుంది. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కొండారెడ్డి బురుజు నీడలో కొత్త ప్రభుత్వం డేరాలలో కచ్చేరీలు నడుపుకొంటున్న ఆ రోజులలోనే హైదరాబాదు పోలీసులు నాలుగవ, ఐదవ రోవర్స్ కప్పులను ఇంటికి తెచ్చుకొన్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్సులో రహీం శిష్యులు ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. అనగా ఆ ఆటగాళ్ళు మన తాతల సమకాలికులు. పురాణపురుషులు కారు.

శిక్షణ విధానం

రహీం సాహెబు దేహదారుఢ్యం కంటె బుద్ధికే పెద్దపీట వేసేవారు. ఆయన శిక్షణలోని రెండు పద్ధతులు ఏ కళాశాల మైదానంలోనైనా నేడే ఆచరింపదగినవి.

మొదటిది, బలహీనమైన కాలితో ఆడడం. మనలో చాలామందికి కుడికాలు వాటం. బంతి ఎడమ ప్రక్కకు వస్తే దానిని కుడికాలికి మార్చుకొనేలోగా ప్రత్యర్థి వచ్చి మీద పడతాడు. అందుచేత ఆయన అలవాటు కాలితో బంతిని తన్నరాదనే నియమం పెట్టి పోటీలు జరిపించేవారు. తొలి రోజులలో ఆటగాళ్ళు తడబడేవారు, చూసేవారు నవ్వేవారు. కొన్ని నెలలకు రెండు కాళ్ళూ సమానమయ్యేవి. శ్రమలేనిదే విద్య రాదని తరగతిలో మేము వేయిసార్లు చెప్పే మాటను ఆయన మైదానంలో చేసి చూపించారు.

రెండవది, బంతిని తనవద్ద ఉంచుకొనక వెంటనే అందించడం. ఆనాడు ఒక్కడే బంతిని పట్టుకొని నలుగురిని తప్పించుకొంటూ పోవడమే గొప్ప ఆటగా చెల్లుబాటు అవుతున్నది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది దానికే. రహీం సాహెబు బంతితో పరుగు తీయడాన్ని నిషేధించి ప్రత్యేక పోటీలు పెట్టారు. వచ్చిన బంతిని ఒకే స్పర్శతో తోటివానికి అందించి, తాను ఖాళీ స్థలంలోకి జరగాలి. ఇది మొదట వ్యక్తి అహంకారాన్ని అణచివేస్తుంది, ఆ తరువాత జట్టును నిలబెడుతుంది. నలుగురు వెనుక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలిచే వ్యూహాన్ని బ్రెజిలు దేశం 1958 ప్రపంచ కప్పులో లోకప్రసిద్ధం చేసింది. అంతకు మునుపే రహీం సాహెబు ఆ వ్యూహాన్ని గుర్తించి తన ఆటగాళ్ళకు నేర్పుతూ ఉండేవారు.

కొందరు క్రీడాకారులు

పోలీసు జట్టువారినందరినీ వర్ణించడం ఈ చిన్న వ్యాసంలో సాధ్యం కాదు. కొందరిని మాత్రం పరిచయం చేస్తాము.

సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ రక్షణ పంక్తికి కోటగోడ వంటివాడు. నూర్ మహమ్మద్ మధ్యస్థానంలో ఆడే హాఫ్‌బ్యాక్. వీరిద్దరూ 1952 హెల్సింకి ఒలింపిక్సులోను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులోను భారత జట్టులో ఉన్నారు. హెల్సింకి అనుభవం చేదుది. యుగోస్లావియా చేతిలో భారతదేశం 1-10తో ఓడిపోయింది. అప్పటికీ మనవారిలో పలువురు బూట్లు లేకనే ఆడేవారు, అక్కడేమో చలి. ఆ పరాజయం తరువాతనే బూట్లు తప్పనిసరి చేస్తూ అఖిల భారత సంఘం నిర్ణయం తీసుకొన్నది. గ్లాస్గోలో సలీంకు కీర్తి తెచ్చిన ఉత్త పాదాలే పదహారేండ్ల తరువాత హెల్సింకిలో మన జట్టుకు గుదిబండ అయ్యాయి. కాలం మారినప్పుడు పద్ధతిని మార్చుకొనడం పరాభవం కాదని ఈ ఆటగాళ్ళు గ్రహించారు. బూట్లతో ఆడడం కొత్తగా నేర్చుకొన్నారు. నాలుగేండ్లు తిరిగేసరికి ఒలింపిక్సు సెమీఫైనలులో నిలిచారు.

మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో పోలీసు జట్టుకు చెందిన అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్ కూడ ఉన్నారు. సెమీఫైనలులో అదే యుగోస్లావియాతో ఆడవలసి వచ్చింది. మొదటి గోలు మనవారే చేశారు. చివరకు 1-4తో ఓడినా, పది గోలులు తిన్న జట్టు నాలుగేండ్లలో ఎంత ఎదిగిందో లోకం చూసింది. మూడవ స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా గెలిచింది. భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్సు ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

తులసీదాస్ బలరాం కథ మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పదగినది. సికింద్రాబాదు చేరువలోని అమ్ముగూడలో, పేద తమిళ కుటుంబంలో 1936లో జన్మించాడు. రహీం సాహెబు అతని ఆటను గమనించి సాధనకు రమ్మన్నారు. సికింద్రాబాదు నుండి హైదరాబాదుకు వచ్చిపోవడానికి చేతిలో డబ్బు లేదని పిల్లవాడు చెప్పగా, సైకిలు అద్దెకు గురువే ఏర్పాటు చేశారని బలరాం పెద్దవాడైన తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనేవాడు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన బాలుడు ఇరవై ఏండ్లకే ఒలింపిక్సులో ఆడాడు. 1960 రోము ఒలింపిక్సులో మహాబలమైన హంగరీ జట్టుపై గోలు చేశాడు, పెరూపై మరొకటి చేశాడు. హంగరీతో ఆ ఆటలో మనము ఓడినది 1-2 తేడాతో మాత్రమే. ఫ్రాన్సుతో 1-1 సమానంగా ముగిసింది. పెక్కుమంది అభిమానులు బలరాంను, ప్రదీప్ కుమార్ బెనర్జీని, చునీ గోస్వామిని ఒక త్రయంగా చెప్పుకొంటారు. 1962లో బలరాంకు అర్జున పురస్కారం లభించింది. అనారోగ్యం వలన పిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చింది. శేషజీవితం బెంగాలులోని ఉత్తరపారాలో గడిపి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

యూసుఫ్ ఖాన్‌ను వెనుక నిలబెట్టినా ముందు నిలబెట్టినా అదే ఇదిగా ఆడేవాడు. 1960 రోము జట్టులోను, 1962 జకార్తా జట్టులోను ఉన్నాడు. 1966లో అర్జున పురస్కారం అందుకొన్నాడు. ఈ జట్ల సమకాలికుడైన పీటర్ తంగరాజ్ కూడ హైదరాబాదులోనే పుట్టాడు. ఆరడుగులకు మించిన ఈ గోల్‌కీపరు పోలీసు జట్టులో కాక సైనిక జట్టులో పెరిగాడు. రహీం సాహెబు కుమారుడు ఎస్.ఎస్. హకీం రోము ఒలింపిక్సు జట్టు సభ్యుడు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరుగా పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగాను పేరు పొందాడు. అహ్మద్ హుసేన్, హకీం ఇద్దరూ 2021లో కొద్ది నెలల తేడాతో మరణించారు.

ఈ పేర్లను ఒక్కసారి మరల చదవండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్. మసీదుకు పోయేవాడు, గుడికి పోయేవాడు, చర్చికి పోయేవాడు ఒకే నగరపు మట్టిలో పెరిగారు. ఉర్దూ, తెలుగు, తమిళం మాట్లాడే నోళ్ళు మైదానంలో ఒకే మాట మాట్లాడాయి. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన వినబడే మన కర్నూలు పాతబస్తీకి, కడప వీథులకు ఈ సంగతి వింత కాదు. మన బ్రతుకే అది.

జకార్తా పతకం

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. రహీం సాహెబు అప్పటికే క్యాన్సరు వ్యాధితో క్షీణిస్తున్నారు. అయినా జట్టును విడువక వెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో పరాజయం. ఆ తరువాత థాయిలాండును, జపానును ఓడించి, సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి, మరల దక్షిణ కొరియాకే ఎదురుపడ్డారు.

అక్కడి పరిస్థితి మనవారికి అనుకూలంగా లేదు. ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ అధికారి జి.డి. సోంధీ ఆక్షేపించినందున స్థానిక ప్రజలు ఆగ్రహించి ఉన్నారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో దాదాపు లక్షమంది ప్రేక్షకులు భారతజట్టును ఎగతాళి చేశారు. ఆ హోరులో పాకిస్తాను హాకీ జట్టువారు మాత్రం మనవారిని ప్రోత్సహించారని ఆనాటి ఆటగాళ్ళు జీవితాంతం తలచుకొన్నారు.

జర్నైల్ సింగ్ అనే రక్షకుడు తలకు గాయమై కుట్లు పడి ఉన్నాడు. అతనిని రక్షణలో నిలిపితే గాలిలో వచ్చే బంతులకు తలతో తరచు అడ్డుపడవలసి వస్తుంది. రహీం సాహెబు అతనిని ముందు పంక్తికి పంపారు. అందరూ విస్తుపోయారు. ఫైనలులో బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా భారతదేశం 2-1తో గెలిచింది. ఆ జట్టులో హైదరాబాదు నేల నుండి వచ్చినవారిలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. 1951లో ఢిల్లీలో ఇరానును 1-0తో ఓడించి గెలిచిన మొదటి ఆసియా స్వర్ణానికి, ఈ రెండవ స్వర్ణానికి శిక్షకులు ఒక్కరే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాహెబు పరమపదించారు. శిక్షకుల కోసం ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడేనాటికి ఆయన గతించి ఇరువది రెండేండ్లయింది.

కలకత్తా బాట

గురువు పోయినా విద్య వెంటనే పోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్, హైదరాబాదువాడు, కలకత్తాలోని మూడు మహా క్లబ్బులలోను ఆడి ఆ నగరపు హృదయాన్ని గెలుచుకొన్నాడు. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో భారతదేశం జపానును 1-0తో ఓడించి కాంస్యం గెలిచినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదీ అయిన సయ్యద్ నయీముద్దీన్. 1977లో పెలే తన కాస్మాస్ జట్టుతో కలకత్తాకు వచ్చి ఆడినప్పుడు, 2-2గా ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాన్ తరఫున ఒక గోలు చేసినవాడు హబీబే. 1974లో ఇరానుతో కలసి ఆసియా యువజన విజేతగా నిలిచిన భారత జట్టుకు నాయకత్వం వహించిన షబ్బీర్ అలీ కూడ ఆ నగరపు బిడ్డే.

కాని ఒక్క విషయం గమనించండి. వీరిలో దాదాపు ప్రతివాని పేరు ప్రక్కన కలకత్తా క్లబ్బు పేరు కనబడుతుంది. బలరాం ఈస్ట్ బెంగాలుకు వెళ్ళాడు, అహ్మద్ హుసేన్ వెళ్ళాడు, హబీబ్ వెళ్ళాడు. అక్కడ క్లబ్బులు ఉన్నాయి, డబ్బు ఉన్నది, వేలాది ప్రేక్షకులు ఉన్నారు, ఆటను గురించి ప్రతిదినం వ్రాసే పత్రికలు ఉన్నాయి. బ్రతుకుతెరువు కోసం వెళ్ళినవారిని నిందించే హక్కు మనకు లేదు. అయితే వారితోపాటు వారి జ్ఞాపకం కూడ తరలిపోయింది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో చనిపోయినప్పుడు కలకత్తా అభిమానులు తమ ఇంటివాడు పోయినట్లు దుఃఖించారు. ఆ వార్త మన విద్యార్థులలో ఎందరికి చేరింది?

మన కర్తవ్యం

ఇప్పుడు మొదట చెప్పిన కొలబద్దను మరల తీసుకొందాము. రెండు ఆటలు ఆడిన సలీంను గ్లాస్గో మరువలేదు. ఐదు పర్యాయాలు వరుసగా రోవర్స్ కప్పు గెలిచినవారిని మనము మరచిపోయాము. ఈ రెంటి నడుమ ఉన్న తేడా ఏమిటి? ఆటలో తేడా లేదు. ఒకచోట ఛాయాచిత్రం క్రింద పేరు వ్రాసి దాచారు, ఉత్తరం వస్తే జవాబు ఇచ్చారు. మరొకచోట ఆ పని చేయలేదు. ఇంత చిన్న పనిలో ఇంత పెద్ద అంతరం ఉన్నది.

మా కళాశాల కార్యాలయపు గోడ మీద పాత క్రీడాజట్ల ఛాయాచిత్రాలు కొన్ని ఉన్నాయి. చేతులు కట్టుకొని నిలబడిన పదకొండు మంది, మధ్యన కుర్చీలో ప్రిన్సిపాలు, ముందు ఒక కప్పు. క్రింద పేర్లు లేవు. కొన్నిటికి సంవత్సరం కూడ లేదు. ఆ పదకొండుమందిలో ఎవరో ఒకరు ఈ ఊరిలోనే ఎక్కడో దుకాణంలోనో, వరండాలో మంచం మీదనో ఉండవచ్చును. ఆయన ఉన్నంతకాలం ఆ చిత్రానికి మాట ఉన్నది. ఆయన పోయిన మరునాడు అది ఉత్త కాగితం.

కనుక కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. ఆ చిత్రాలలో ఉన్నవారి పేర్లు సేకరించి, వెనుక వ్రాయించి, ఒక రిజిస్టరులో ఎక్కించండి. ఇకమీదట తీయించే ప్రతి జట్టు చిత్రం క్రింద పేర్లు, సంవత్సరం వ్రాయించండి. దీనికి ఖర్చు లేదు. మైదానం విషయంలోను ఒక మాట. మన ఎర్రనేల ఎండకాలంలో పగిలి రాయివలె అవుతుంది, పడినవాని మోకాలు చీరుకొనిపోతుంది. వానలు పడిన వెంటనే రాళ్ళు ఏరించి చదును చేయిస్తే ఆరు నెలలపాటు పిల్లలు నిర్భయంగా ఆడుకొంటారు. రహీం సాహెబు శిష్యులు కూడ పచ్చిక పరచిన మైదానాలలో పుట్టలేదు.

విద్యార్థులకు చెప్పవలసినవి రెండు మాటలు. మొదటిది, ఈ సంవత్సరం ప్రతి ఆదివారం ఒక గంట మీ బలహీనమైన కాలితో మాత్రమే ఆడి చూడండి. మొదట మీ స్నేహితులు నవ్వుతారు, నవ్వనివ్వండి. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషుకు భయపడేవారు, లెక్కలకు భయపడేవారు ఈ సూత్రాన్ని తమ చదువుకు కూడ అన్వయించుకొనవచ్చును. ఏ కాలు బలహీనమో దానితోనే సాధన చేయాలి.

రెండవది, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతగారిని, నానాజాన్‌ను, వీథిలోని విశ్రాంత పోలీసు ఉద్యోగిని, వ్యాయామోపాధ్యాయుని అడగండి. కర్నూలులో, కడపలో, నంద్యాలలో, ప్రొద్దుటూరులో ఎవరు బాగా ఆడేవారు? ఏ మైదానంలో? ఎవరు నేర్పారు? బంతి ఎక్కడినుండి తెచ్చేవారు? వారు ఉర్దూలో చెప్పితే ఉర్దూలో, తెలుగులో చెప్పితే తెలుగులో వ్రాసుకొని రండి. మన వార్షిక సంచికలో ఉర్దూ భాగం కుడి నుండి, తెలుగు భాగం ఎడమ నుండి మొదలై మధ్యలో కలుసుకొంటాయి. రెండు భాగాలలోను ఆ పేర్లకు చోటున్నది.

ఇక తరగతిలో మమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాము. ఔను నాయనా, రహీం సాహెబు నిజంగానే ఉండేవారు. ఆయన మన వంటి బడిపంతులు. పేదపిల్లవానికి సైకిలు అద్దె కట్టి, ఎడమకాలితో తన్నడం నేర్పి, దేశానికి రెండు స్వర్ణపతకాలు సంపాదించి పెట్టి వెళ్ళిపోయారు. ఆయనను, ఆయన శిష్యులను మరువకుండ ఉండడం ఇక మీ వంతు.